రైన్ నది దాటి ఒక్క రోజు



పోయిన నెల పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్ళకు వచ్చే నడుము నొప్పి గూర్చి వ్రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలకు వచ్చే నెల జవాబిస్తాను, కోపపడకండి. ఈ నెల మా ఇంట్లోనే జరిగిన ఒక తగవు గూర్చి వ్రాయవలసి వచ్చింది. మా తమ్ముని అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను. పేర్లు మాత్రం వేయవద్దన్నాడు.

మా తమ్మునిది కల్వకుర్తి దగ్గర ఒక ఊరు. ఐదెకరాల చెలక, ఒక బోరు, వాన పడితే పంట, లేకపోతే లేదు. వాని ఒక్కగానొక్క కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు ముగించి, 2025 సెప్టెంబరులో పై చదువుకు జర్మనీ దేశములోని కార్ల్‌స్రూహె పట్టణానికి వెళ్ళింది. ఇప్పుడు మన సంఘాల్లోనూ చాలామంది పిల్లలు ఆ దారి పడుతున్నారు గనుక లెక్క చెప్తాను. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేనట్టే అని అందరూ అంటారు. అయితే కార్ల్‌స్రూహె ఉన్న రాష్ట్రంలో మనవంటి దేశాల పిల్లలు 2017 నుండి ఆరు నెలలకు 1,500 యూరోలు కడుతున్నారు. అదిగాక, వీసాకు ముందే ఒక సంవత్సరపు కూడు, కిరాయి ఖర్చు అక్కడి ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుండి అది 11,904 యూరోలు. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నెలకు 992 చొప్పున పిల్ల చేతికే వస్తుంది. కాని మొదట తెచ్చి పెట్టవలసింది తండ్రే గదా. మా తమ్ముడు భూమి కాగితాలు బ్యాంకులో పెట్టాడు, మరదలి పుస్తెల గొలుసు కూడా పోయింది. యూరో అంటే నూరు రూపాయలని వానికి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

నవంబరులో ఒక ఆదివారం ఆరాధన నుండి ఇంటికి వచ్చేసరికి ఫోను మ్రోగింది. తమ్ముడే.

“అక్కా, నీ కోడలు సంగతి విన్నవా? నేనిక్కడ వడ్డీ లెక్కలు చూసుకుంట కూసుంటే, అది ఫ్రాన్సు దేశం షికారు పోయిందట. పక్కింటి పిల్లగాడు ఫోన్ల ఫోటో చూపిచ్చిండు. సదువనీకె పోయిందా, తిరగనీకె పోయిందా? నువ్వే అడుగు. నేనడిగితే నోరు జారుత.”

నేను సరే అన్నాను గాని నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే అసలు దోషిని నేనే. ఆ ఊరి పేరు పిల్ల చెవిలో వేసింది నేను.

అది ఎట్లా అంటే, 1997 జనవరిలో కలకత్తాలో ప్రపంచ మెన్నోనైటు మహాసభ జరిగింది. మన పాలమూరు జిల్లా నుండి వెళ్ళినవారిలో నేనూ ఉన్నాను. రైలులో రెండు రాత్రులు, చలిలో పలుచని శాలువ, ఏ దేశము వారో తెలియని తెల్లవారు, నల్లవారు అందరూ ఒకే పాట తలా ఒక భాషలో పాడటం, ఇవి ఇప్పటికీ కళ్ళముందున్నాయి. అక్కడ ఇచ్చిన కాగితాల మీద ఆఫీసు చిరునామా ఫ్రాన్సు దేశము, స్ట్రాస్‌బర్గ్ అని ఉండేది. మనకు తెలిసిన దొరలందరు రష్యా నుండి, అమెరికా నుండి వచ్చినవారైతే ఈ ఫ్రాన్సు ఎక్కడిది అని మా పాస్టరుగారిని అడిగాను. ఆయన చెప్పిన కథ నేను పాతికేళ్ళు సండేస్కూలులో చెప్పాను. కోడలు కూడా నా సండేస్కూలులో కూర్చున్నదే. ప్రయాణమయ్యే ముందు రోజు “నీవు పోయే ఊరికి అది దగ్గరేనంట, వీలైతే చూసిరా” అన్నాను. అన్న సంగతి తమ్మునికి చెప్పలేదు. (ఆ ఆఫీసు ఇప్పుడక్కడ లేదు, దక్షిణ అమెరికాలోని బొగోటాకు మారింది.)

సాయంత్రం పిల్లకు ఫోను చేశాను. “ఏమే బిడ్డా, ఫ్రాన్సు పోయినవట” అన్నాను, అంతే. ఏడ్చింది. నేనేమీ అనకముందే ఏడ్చింది.

“అత్తా, వచ్చి ఏడు వారాలైంది. క్లాసుల అందరు మంచిగనే ఉంటరు. కాని శుక్రవారం సాయంత్రం గది తలుపేసుకుంటే సోమవారం దాక నా పేరు పిలిచేటోళ్ళు ఉండరు. మబ్బుల్నే చీకటి పడుతది. గోడలు చూసుకుంట ఎన్ని శనివారాలు కూసుంట? నువ్వు చెప్పిన ఊరు గుర్తుకొచ్చింది. పోయిన.”

ఈ మాట మన తల్లిదండ్రులు వినాలి. పిల్ల ఫోను చేసినప్పుడు తిన్నవా, చదివినవా అని అడుగుతాం. శనివారం ఎవరితో మాట్లాడినవు అని అడగము. నేనూ అడగలేదు.

తరువాత ఒక గంటసేపు ఆ రోజు సంగతి మొత్తం చెప్పించుకున్నాను.

జర్మనీలో ఎక్స్‌ప్రెస్ రైళ్ళు కాక మిగిలిన రైళ్ళన్నింటికీ, బస్సులకూ నెలకొక్క టికెట్టు ఉంటుంది. 2025లో దాని ధర 58 యూరోలు. రోజూ కాలేజీకి పోవటానికే అది కొని ఉంది. కాబట్టి సరిహద్దులోని కేల్ అనే ఊరి వరకు రైలుకు పైసా ఖర్చు లేదు. తనతో గదిలో ఉండే గుంటూరు అమ్మాయి కూడా బయలుదేరింది. ఒకచోట రైలు మారి కేల్‌లో దిగాక ఆ అమ్మాయి సంచి వెదుక్కుంటే పాస్‌పోర్టు లేదు. జర్మనీ వారిచ్చిన నివాసపు కార్డు మాత్రమే ఉంది. కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా ఉంటేనే పక్క దేశానికి పోవాలి. పిల్లలను పంపినవారు ఈ సంగతి గట్టిగా చెప్పండి. రెండు దేశాల నడుమ గోడలు లేవు, గేటు లేదు, అందుకే మరచిపోతారు. ఆ అమ్మాయి తిరుగు రైలెక్కింది. మావాళ్ళ పిల్ల కొత్తగా పోయినది గనుక వీసా పాస్‌పోర్టులోనే అంటించి ఉంది, వదలకుండా వెంట తెచ్చుకుంది. ఒక్కతే పోవాలా, మళ్ళాలా అని స్టేషనులో అరగంట కూర్చుందట. డబ్బాలోని పులిహోర సగం అక్కడే తినేసింది. తిన్నాక ధైర్యం వచ్చిందంది. అది మా వంశపు గుణము.

కేల్ నుండి రైన్ నది మీద నడిచిపోవటానికి 2004లో ఒక వంతెన కట్టారు. దాని పేరే రెండు తీరాల వంతెన. ఈ ఒడ్డున జర్మనీ, ఆ ఒడ్డున ఫ్రాన్సు, రెండు వైపులా ఒకటే తోట. నడుమ నిలబడి క్రిందికి చూస్తే మన కృష్ణ వానాకాలంలో పారినట్టు నిండుగా పారుతున్నదట. ఈ నది కొరకు ఆ రెండు దేశాలు చేసిన యుద్ధాలకు లెక్కలేదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిశాక 1953 వరకు కేల్ ఊరు ఫ్రెంచివారి చేతిలోనే ఉండింది. ఇప్పుడు పిల్లల బండి త్రోసుకుంటూ తల్లులు ఆ దేశానికీ ఈ దేశానికీ నడుస్తున్నారు. 2017 నుండి ట్రాము బండి కూడా నది దాటుతున్నది.

స్ట్రాస్‌బర్గ్ ఉన్న సీమ పేరు అల్సేసు. 1871లో అది జర్మనీ చేతికి పోయింది, 1918లో ఫ్రాన్సుకు వచ్చింది, 1940లో మరల జర్మనీ పట్టుకున్నది, యుద్ధము చివర మరల ఫ్రాన్సు. ఇల్లు మారకుండానే ఒక ముసలమ్మ నాలుగుసార్లు దేశము మారింది. మాకూ అంతే అని పిల్లకు చెప్పాను. మా నాయనమ్మ నిజాము రాజ్యంలో పుట్టి, హైదరాబాదు రాష్ట్రంలో బిడ్డల పెండ్లి చేసి, ఆంధ్రప్రదేశ్‌లో కన్నుమూసింది. ఆమె ఇల్లు ఇప్పుడు తెలంగాణలో ఉంది. 2016లో జిల్లా పేరు కూడా మారింది. ఇంటి ముందర వేపచెట్టుకు ఇదేమీ తెలియదు.

ఊరి నడిమధ్య పెద్ద దేవాలయము, మరియమాత పేరున్నది, ఎర్రని రాతితో కట్టినది. ఒక్కటే గోపురము. రెండవది కడదామనుకొని కట్టలేదు. 1439లో ముగిసిన ఆ గోపురము ఎత్తు 142 మీటర్లు. మన మెదక్ గుడి గోపురము సుమారు 53 మీటర్లు గనుక దానికి రెండున్నర రెట్లకు మించి ఎత్తు అని ఊహించుకోండి. 1647 నుండి 1874 వరకు లోకములో మనుష్యులు కట్టినవాటిలో అదే అన్నిటికంటె ఎత్తైన కట్టడము. ఫ్రెంచి విప్లవకాలములో, మనుష్యులందరు సమానమైతే ఈ గోపురము మాత్రం ఎందుకు ఎత్తుగా ఉండాలి, పడగొట్టండి అన్నారట. అప్పుడొక కమ్మరి ఉపాయము చెప్పాడు. రేకుతో పెద్ద విప్లవ టోపీ చేసి గోపురము మీద తొడిగారు. గోపురము బ్రతికింది.

లోపల గోడంత గడియారముంది. ఇప్పుడున్నది 1842లో ముగించినది. గ్రహాలు, చంద్రుడు, పండుగల తేదీలు అన్నీ అదే లెక్క కడుతుంది. పగలు పన్నెండున్నరకు పండ్రెండుగురు అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటే క్రీస్తు ముందు నుండి వంగి పోతాయి. వారు పోతుండగా పైనున్న కోడిపుంజు రెక్కలు కొట్టి మూడుసార్లు కూస్తుంది. టికెట్టు కొని, మెడలు ఎత్తి, అన్ని దేశాలవారు నిలబడ్డారు. అందరూ ఫోనులో పట్టుకుంటున్నారు. మూడవ కూతకు మాత్రం నవ్వు రాలేదు అత్తా, నాయినకు చెప్పకుంట వచ్చిన గద అన్నది పిల్ల.

ఇక పాస్టరుగారు నాకు చెప్పిన కథకు వస్తాను.

1521 నుండి ఆ గుడిలో మత్తయి త్సెల్ అనే ఫాదరుగారు వాక్యమును ఉన్నదున్నట్టు ప్రసంగించసాగాడు. జనము విరగబడి వచ్చారు. పైవారు రాతి ప్రసంగ వేదిక ఎక్కనివ్వలేదు. అప్పుడు దగ్గరి వీధి వడ్రంగులు చెక్కతో మోసుకుపోయే వేదికొకటి చేసి తెచ్చారు. ప్రసంగమప్పుడు వేయటం, అయ్యాక తీసుకుపోవటం. ఆయన 1523లో కతరీన అనే వడ్రంగి కూతురిని పెండ్లి చేసుకున్నాడు. ఆమె గూర్చి మన స్త్రీల సమాజాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు, గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. 1524లో నది అవతలి కెన్సింగెన్ అనే ఊరి నుండి విశ్వాసము కొరకు తరిమివేయబడిన నూట యాభై మంది మగవారు రాత్రివేళ ఊరిలోకి వచ్చారు. ఆమె వారిలో ఎనభై మందిని తన ఇంట్లోనే పడుకోబెట్టింది. ఊళ్ళో వదలివచ్చిన వారి భార్యలకు ఆదరణ పత్రిక వ్రాసి అచ్చు వేయించింది. ఎనభై మందికి గంజి కాచటమంటే ఏమిటో కన్వెన్షను వంటశాలలో నిలబడిన తల్లులకు తెలుసు.

ఆ కాలములో స్ట్రాస్‌బర్గ్ తలుపు తట్టినవారికి తలుపు తీసే ఊరు. జాన్ కాల్విన్ కూడా 1538లో అక్కడికే వచ్చాడు. మూడేండ్లు ఫ్రెంచి పరదేశుల సంఘానికి కాపరిగా ఉన్నాడు. 1540లో పెండ్లి చేసుకున్నది ఇదెలెత్ అనే విధవరాలిని. ఆమె మొదటి భర్త ఎవరనుకున్నారు? మనవారిలోనివాడే.

మనవారు అంటే, పసివారికి ఇచ్చిన బాప్తిస్మము చాలదు, విశ్వసించినవాడు తానే అడిగి పొందవలెను అన్నవారు. మన పాఠకుల్లో ఈ విషయమందు రెండు తలంపుల వారూ ఉన్నారు. ఆ వాదన ఇక్కడ పెట్టను. 1529లో చక్రవర్తి వారందరికి మరణశిక్ష అని చట్టము చేశాడు. మిగిలిన ఊళ్ళలో వారిని నీళ్ళలో ముంచారు, కాల్చారు. స్ట్రాస్‌బర్గ్‌లో మాత్రం చాలావరకు చంపలేదు. చెరలో పెట్టారు, ఊరు వెడలగొట్టారు. వెడలగొట్టినవారు ఎవరో కాదు, దిద్దుబాటు పెద్దలూ పట్టణ సభవారూ కలిసే. దిద్దుబాటు దినపు ప్రసంగాల్లో ఈ ముక్క మనము దాటవేస్తాము.

పిల్ల్‌గ్రామ్ మార్పెక్ అనే ఆయన కథ పిల్లకు బాగా నచ్చింది, ఇంజనీరు గనుక. టిరోల్ కొండల్లో గనుల అధికారి. విశ్వాసులను పట్టి ఇవ్వమంటే ఇవ్వక, ఉద్యోగము, ఆస్తి వదలి 1528లో స్ట్రాస్‌బర్గ్ చేరాడు. ఆ ఊరికి కట్టెల కరువు. కొండ అడవుల్లో కొట్టిన కట్టెలను వాగులకు దారులు కట్టి నీళ్ళమీద ఊరికి చేర్చే పని పెద్దలు ఆయనకు అప్పగించారు. ఊరు చలి కాచుకున్నది. కాని ఆయన తన బోధ మానలేదు. 1532 మొదట్లో ఊరు విడిచిపొమ్మన్నారు. పొయ్యిలో ఆయన తెచ్చిన కట్టెలే మండుతుండగా ఆయనను పంపించారు. తరువాత ఔగ్స్‌బర్గ్ పట్టణములో నీటి పనులు చేస్తూ 1556లో పడకమీదే మరణించాడు. ఆ కాలములో మనవారికి అది అరుదైన చావు.

ఇంకొకడు మెల్కియోర్ హాఫ్‌మన్, తోలుపని చేసేవాడు. ఉత్సాహము మెండు, నిదానము తక్కువ. 1530లో స్ట్రాస్‌బర్గ్ నుండి ఉత్తరపు ఎమ్డెన్‌కు పోయి అక్కడ సుమారు మూడు వందల మందికి బాప్తిస్మమిచ్చాడు. అక్కడి నుండి ఆ బోధ హాలండుకు పాకింది. తరువాత ప్రభువు రాకడ 1533లో, అదీ స్ట్రాస్‌బర్గ్‌లోనే అని తేదీ చెప్పి, తానే వచ్చి సంతోషముగా చెరసాలకు పోయాడు. రాకడ కాలేదు, ఆయన విడుదలా కాలేదు. పదేండ్లు ఆ చెరలోనే మగ్గి చనిపోయాడు. కతరీనమ్మ మాత్రం ఆయనను చూడబోయేది. తేదీలు చెప్పేవారు మన ఊళ్ళకూ మైకులు పట్టుకొని వస్తూనే ఉన్నారు.

హాలండులో మిగిలిన చెదరిన మందను కూర్చినవాడు మెన్నో సైమన్సు. 1536లో తన ఫాదరు పని వదలివచ్చాడు. ఆ మంద హాలండు నుండి ప్రష్యాకు, 1789 నుండి రష్యాకు పోయింది. అక్కడ 1860లో మెన్నోనైటు బ్రదరన్ సంఘము పుట్టింది. అక్కడి నుండి అబ్రాహాము ఫ్రీసెన్ దొరగారు భార్యతో 1890లో మన నల్లగొండకు వచ్చారు. 1899లో అమెరికా నుండి మరికొందరు వచ్చారు. జడ్చర్ల ఆసుపత్రిలో పుట్టినవారు, షంషాబాదు బైబిలు కళాశాలలో చదివినవారు ఈ త్రోవ చివరనున్నారు. స్ట్రాస్‌బర్గ్ నుండి సూటిగా మనదాకా ఒకే దారి వచ్చిందని నేను చెప్పను. అయినా ఆ ఊరు దాటకుండా ఈ కథ నడవదు.

ఇక పిల్ల దగ్గరికి వస్తాను. గుడి దగ్గరి అంగడిలో గూటెన్‌బర్గ్ విగ్రహముంది. ఆయన అచ్చుపని మొదలుపెట్టక ముందు పదేండ్ల వరకు ఈ ఊరిలో ఉన్నాడు. జర్మను భాషలో మొదటి బైబిలు అచ్చయినది ఇక్కడే, 1466లో. లోకములో మొదటి అచ్చు వార్తాపత్రిక అని పేరున్నది కూడా ఇక్కడిదే, 1605లో. మీ చేతిలోని ఈ మాసపత్రికకు అది ముత్తాత. నవంబరు గనుక క్రిస్మసు అంగళ్ళకు చెక్క గుడిసెలు దింపుతున్నారట. 1570లో మొదలైన సంత అది. కాలువల వెంబడి చెక్క చట్రాల ఇండ్లు, పొయ్యిలో కాల్చిన పలుచని ఉల్లిగడ్డ రొట్టె వాసన. ధర చూసి కొనలేదు. కాలువ గట్టున మిగిలిన పులిహోర తిన్నది.

ఇంకొక వింత విన్నాను. ఫ్రాన్సులో 1905లో సంఘమును ప్రభుత్వమును వేరుచేసే చట్టము వచ్చింది. అప్పుడు అల్సేసు జర్మనీలో ఉంది గనుక ఆ చట్టము అక్కడ తగలలేదు. ఇప్పటికీ అక్కడి పాస్టర్లకు, ఫాదర్లకు, యూదుల రబ్బీలకు జీతము సర్కారే ఇస్తుంది. పిడికెడు బియ్యము తీసి కాపరిని పోషించే మన సంఘాలవారు ఆశ్చర్యపోవచ్చు. ఈర్ష్య పడవలసిన పనిలేదనుకుంటాను. జీతమున్నంత మాత్రాన బెంచీలు నిండవు.

మూడు గంటలకు వాన మొదలైందట. తలదాచుకోవటానికి తోమా గుడిలోకి పోయింది. అది లూథరను గుడి. దాని ఆర్గను 1741లో చేసినది. మనకందరికి తెలిసిన ఆల్బర్టు ష్వైట్జర్ ఈ ఊళ్ళోనే వేదాంతము, వైద్యము చదివి, పక్క గుడిలో పాస్టరుగా ఉండి, ఈ ఆర్గను వాయించి, 1913లో ఆఫ్రికాకు పోయాడు. ఆ వేళ గుడిలో ఎవరూ లేరు. ఎవరో పైన కనబడకుండా వాయించుకుంటున్నారు. పిల్ల వెనుక బెంచీలో తడిసిన కోటుతో కూర్చుంది. ఉన్నట్టుండి తెలిసిన రాగం వచ్చింది. మన ఆరాధన చివర అందరము లేచి పాడే స్తుతిపాట రాగమది, నూరవ కీర్తన రాగమంటారు. కాల్విను తన మొదటి ఫ్రెంచి కీర్తనల పుస్తకము 1539లో ఈ ఊళ్ళోనే అచ్చు వేయించాడు. ఆ వరుసలోనే, తరువాత జెనీవాలో పుట్టిన రాగము. మన కల్వకుర్తి పల్లెలో డోలకు మీద, తాళాల మీద పాడుకునేది అదే.

“నాకు తెల్వకుంటనే లేచి నిలబడ్డ అత్తా. గుడి మొత్తంల నేనొక్కదాన్నే నిలబడ్డ. తెలుగుల పాడిన. మెల్లగనే పాడిన. పైన వాయించెటాయన విన్నడో లేదో. మొదటిసారి ఇల్లు యాదికొచ్చినా ఏడుపు రాలే.”

తిరిగి వచ్చేటప్పుడు ట్రాములోనే వచ్చింది. కేల్‌లో జర్మనీ పోలీసులు ఎక్కి కాగితాలు చూశారు. 2024 సెప్టెంబరు నుండి ఆ సరిహద్దులో మరల తనిఖీ పెట్టారు. పాస్‌పోర్టు చూపితే వీసా పేజీ తిప్పి చూసి ఇచ్చేశారు. రాత్రి తొమ్మిదికి గదికి చేరింది. గుంటూరు అమ్మాయి అన్నము వండి పెట్టి ఉంచిందట.

ఖర్చు చెప్పమన్నాను. ట్రాము రానుపోను, గడియారము టికెట్టు, ఒక కాఫీ, నాకొక పోస్టుకార్డు, తపాలా బిళ్ళ. అన్నీ కలిపి పద్నాలుగు యూరోలకు లోపు.

అది తమ్మునికి చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. “పద్నాలుగు నూర్లు, అక్కా. నాలుగు రోజుల కూలి” అన్నాడు.

అప్పుడు నేను ఒక పాత సంగతి తీశాను. 1986లో వానికి పదిహేడేండ్లు. కరువు. మేస్త్రి వెంట బొంబాయికి మట్టిపనికి పోయాడు. ఆ రోజుల్లో దేశములో ఎక్కడ కట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీలే. ఒక ఆదివారం పని మానుకొని, ఆ రోజు కూలి పోగొట్టుకొని, బస్సు ఎక్కి సముద్రము చూసివచ్చాడు. మేస్త్రి ఆ సంగతి ఊళ్ళో చెప్పాడు. అమ్మ నెత్తి కొట్టుకున్నది. అయినా ఆ తరువాత పదేండ్లు, ప్రతి ఎండాకాలము అరుగుమీద పండుకొని ఆ సముద్రము గూర్చి మాకు చెప్పింది వాడే. అలలు ఎట్లా వస్తాయో చేతులతో చూపించేవాడు. అమ్మ కూడా వినేది.

“నువ్వు సముద్రానికి పోయినప్పుడు మనకు అప్పు లేకుండెనారా?” అని అడిగాను.

“ఉండె.”

మళ్ళీ కొంతసేపు ఏమీ వినబడలేదు. బర్రె అరుస్తున్న శబ్దం మాత్రం వచ్చింది. తరువాత అడిగాడు.

“వానల తడిసిందంటివి. జరమేమన్న వచ్చిందా దానికి?”

లేదని చెప్పాను.

“ఈసారి పోతే ఇంకో పిల్లను వెంట తీసుకొని పొమ్మను. పాసుపోర్టు మర్చిపోని పిల్లను చూసుకొమ్మను” అని ఫోను పెట్టేశాడు.

పోస్టుకార్డు డిసెంబరులో వచ్చింది. ఒంటి గోపురము బొమ్మ. తమ్ముడు వచ్చి చూసి, ఇంటికి తీసుకుపోయాడు. ఇంకా తిరిగి ఇవ్వలేదు.